ఆదివారం షికారు ఎక్కడికి?



శనివారం సాయంత్రం అయ్యేసరికి పిల్లలున్న ఇళ్ళన్నిట్లోనూ ఒకటే గొడవ. "రేపు ఎక్కడికి తీసుకెళ్తారు?" అని కొంగు పట్టుకుని వదలరు. వారమంతా టిఫిను డబ్బాలతో, బడి బస్సు వేళలతో పరుగులెత్తిన మనకేమో ఆ ఒక్క పూటా కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలుననిపిస్తుంది. చివరికి ఏదో ఒక మాలుకి వెళ్ళి, ఎస్కలేటరు మీద నాలుగుసార్లు పైకీ కిందకీ తిరిగి, అక్కడేదో తిని, అక్కర్లేని బొమ్మ ఒకటి కొని ఇంటికొస్తాం. లెక్క చూసుకుంటే పదిహేను రోజుల కూరగాయల డబ్బు. అలా అని మాలుకి వెళ్ళొద్దని నేననను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నేనూ వెళ్ళేదాన్నే. కానీ హైటెక్ సిటీ చుట్టుపక్కల కాపురముంటున్న మనకి, గుమ్మం దాటితే దొరికే షికార్లు వేరే ఉన్నాయి. వాటికో చరిత్ర ఉంది. ఆ కథ తెలిస్తే పిల్లలకి చెప్పుకుంటూ నడవచ్చు.

ఈ సంగతి నా తలకెక్కించినవాడు మా ఆడపడుచు కొడుకు. వాడికి ఆరేళ్ళు. వాడి చెల్లెలికి నాలుగు. కిందటి సంక్రాంతి సెలవులకి ఇద్దరూ మా ఇంట్లో ఉన్నారు. మాది కొండాపూర్. మొదటి రోజే శిల్పారామానికి తీసుకెళ్ళాను. చిన్నది గంగిరెద్దు దగ్గర్నుంచి కదలనంటుంది. పిల్లవాడేమో అటూ ఇటూ పరుగెత్తి, ఒక పెద్ద బండ దగ్గర ఆగిపోయాడు. తల పైకెత్తి చాలాసేపు చూసి, "అత్తా, ఇంత పెద్ద రాయిని ఇక్కడికి ఎవరు తెచ్చిపెట్టారు? క్రేనుతోనా?" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాడి తప్పేముంది? పుట్టిన దగ్గర్నుంచీ వాడు చూసినవన్నీ ఎవరో తెచ్చిపెట్టినవే. అపార్టుమెంటు ముందు పచ్చగడ్డి చాపలా చుట్టుకొచ్చి పరిచారు. చెట్లు లారీలో వచ్చాయి. ఆటస్థలంలో నేల కూడా రబ్బరుదే. మరి రాయి మాత్రం దానంతటదే ఎందుకుంటుంది వాడి లెక్కలో?

"ఎవరూ తేలేదు నాన్నా, అది ఇక్కడే ఉంది. మనమే తర్వాత వచ్చాం" అన్నాను. "ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది పదో తరగతి. అయినా రేడియోలో మాట్లాడడం మొదలుపెట్టాక, తెలుసుకోకుండా నోరు విప్పకూడదన్న భయం ఒకటి పట్టుకుంది. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్ళని అడిగాను. రేడియోలో పది నిమిషాల్లో చెప్పలేక వదిలేసినవి కూడా కలిపి ఇక్కడ చెబుతున్నాను.

మన హైదరాబాదు బండరాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. లెక్కపెట్టడానికి నోరు తిరగదు. భూమి లోపల ఎక్కడో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గ్రానైటుగా గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళ వానలకీ గాలికీ అరిగిపోగా అది బయటపడింది. గట్టిపడ్డ రాతిలో నిలువునా అడ్డంగా పగుళ్ళుంటాయి. వాటిలోకి నీళ్ళు దిగి, ముందు మూలల్ని తినేస్తాయి. ఇది పిల్లలకి ఎలా చెప్పాలో తెలియక నేను ఒక గిన్నెలో నీళ్ళు పోసి, నాలుగు పలకల బెల్లం ముక్క వేసి చూపించాను. మూలలు ముందు కరిగి, పావుగంటలో గుండ్రంగా తేలింది. "రాయి కూడా ఇంతే, కాకపోతే ఆలస్యంగా" అన్నాను. పగుళ్ళ మధ్య పొడైపోయిన మట్టి వానకి కొట్టుకుపోతే, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు మిగిలిపోయాయి. మావాడు అంతా విని, పానకం తాగేశాడు.

ఇక మన ఊళ్ళ పేర్లు చూడండి. కొండాపూర్, మణికొండ, ఈ రెండింట్లోనూ కొండ ఉంది. రాయదుర్గంలో దుర్గం ఉంది. ఇప్పుడు ఈ పేర్లు చెబితే మనకి ట్రాఫిక్కు గుర్తొస్తుంది గాని కొండ గుర్తురాదు. గచ్చిబౌలి మాటని విడదీస్తే గచ్చూ, బావీ కనిపిస్తాయి. పేరు పెట్టిన రోజుల్లో మనుషులు ఇక్కడ చూసినవి రాయీ, నీరూ.

నా చిన్నప్పుడు ఈ రాళ్ళని బస్సు కిటికీలోంచి చూశాను. అప్పుడు మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. మా ఇంట్లో షికారంటే రెండే. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషను, కార్తీకమాసంలో గండిపేట. 1987లో అనుకుంటా, నాకు ఎనిమిదేళ్ళు, మా నాన్నగారి ఆఫీసువాళ్ళందరూ కలిసి ఒక బస్సు మాట్లాడారు. ఆడవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర, దద్దోజనం, వంకాయ కూర చేసి, ఇత్తడి గిన్నెల మూతలకి గుడ్డలు కట్టి బస్సెక్కించారు. మెహదీపట్నం, లంగర్ హౌజ్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. ఆ తర్వాతంతా సీతాఫలం పొదలు, తాటిచెట్లు, గుట్టలు. దారిలో గుట్టమీద తారామతి బారాదరి కనిపించింది. గోల్కొండ నవాబుల కాలంలో అక్కడ తారామతి పాడితే కోటదాకా వినిపించేదని చెప్పుకుంటారని మా పక్కింటి పిన్నిగారు అన్నారు. మా తమ్ముడు కిటికీలోంచి తల పెట్టి గట్టిగా పాడి, వినబడిందా అని కోట వైపు చూశాడు. వాడికి నాన్నగారి చేత రెండు తగిలాయి.

గండిపేట కట్టమీద నిలబెట్టి నాన్నగారు మాకు 1908 కథ చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. పదిహేను వేలమంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న ఆవరణలో, ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నీటిని ఊరికి ఎగువనే ఆపాలని ఆయన చెప్పిన ప్రకారం, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌నే మనం గండిపేట అంటాం. వరదని ఆపడానికి కట్టింది తాగునీరిచ్చింది, తాగునీరిచ్చిన చెరువు పిక్నిక్ చోటయింది. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదలరని సామెత కూడా పుట్టింది. నాకు మాత్రం ఆ రోజు గుర్తున్నది విస్తరాకుల మీద చీమలు, ఉసిరిచెట్టు దొరక్క పెద్దవాళ్ళు ఒక ఉసిరికొమ్మ నేలలో గుచ్చి దానికే పసుపూ కుంకుమా పెట్టడం. వంటలన్నీ ఆ కొమ్మ ముందు పెట్టి నైవేద్యం చూపించాకే మాకు తినడానికి అనుమతి.

ఇప్పటికీ వానాకాలంలో పేపర్లో గండిపేట నీటిమట్టం వేస్తారు. నిండు మట్టం 1790 అడుగులు. మా ఇంట్లో ఆ వార్త పిల్లల చేత చదివించడం అలవాటు చేశాను. అది మనకి పనికొచ్చే లెక్కే.

గండిపేట కన్నా పాతది, మనకి ఇంకా దగ్గరది దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటలోవాళ్ళకి తాగునీరు ఈ చెరువునుంచే వెళ్ళేది. మట్టి గొట్టాల్లో నీరు ప్రవహించేదట. కోటలో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి చక్రాలతో ఎక్కించేవారు. కోట చూడడానికి వెళ్ళినప్పుడు గోడల్లో ఆ గొట్టాల ముక్కలు పిల్లలకి చూపించండి. చప్పట్లు కొడితే పైన వినిపించడం అందరూ చూపిస్తారు. నీళ్ళెక్కడివని ఎవరూ అడగరు. రెండు పక్కలా గుట్టలుండి, దగ్గరికి వెళ్ళేదాకా కనిపించకపోవడంతో దీనికి రహస్య చెరువన్న పేరూ ఉంది. ఇప్పుడు రహస్యమేమీ లేదు లెండి. చుట్టూ అద్దాల మేడలు నిలబడి తొంగిచూస్తున్నాయి.

2020 సెప్టెంబరులో ఆ చెరువు మీద తీగల వంతెన ప్రారంభించారు. మొత్తం పొడవు 754 మీటర్లు. స్తంభాల నుంచి తీగలు వేలాడుతుంటే పిల్లలకి వీణలా కనిపిస్తుంది. మొదట్లో శని ఆదివారాల్లో బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకే వదిలారు. కరోనా రోజులు కదా, నెలల తరబడి ఇంట్లో మగ్గిన జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. మేమూ మాస్కులు కట్టుకుని వెళ్ళాం. కింద చెరువులో పడవ షికారుంది, చుట్టూ నడవడానికి దారి ఉంది. మురుగు చేరి, గుర్రపుడెక్క పెరిగి ముక్కు మూసుకోవలసిన రోజులూ ఉన్నాయి. తీసేస్తారు, మళ్ళీ వస్తుంది. కోటకి తాగునీరిచ్చిన చెరువు గతి అది. ఇక్కడికి మెట్రో దిగి నడిచి వెళ్ళచ్చు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో 2019 మార్చిలో, అక్కణ్ణుంచి రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో వచ్చింది. నాగోలు, ఉప్పలు వైపు ఉన్న సోదరీమణులు పిల్లల్ని ఆ రైలెక్కిస్తే చాలు, సగం షికారు రైల్లోనే అయిపోతుంది. మా చిన్నది మూడు స్టేషన్లు దాటాక "దిగొద్దు" అని ఏడ్చింది.

ఇక శిల్పారామం సంగతి. చేతిపనులవాళ్ళకి ఒక ఊరులాంటి చోటు ఉండాలని 1992లో మాదాపూర్‌లో దీన్ని తలపెట్టారు. అప్పటికి మాదాపూర్ నిజంగానే పల్లెటూరు. పల్లెలో కూర్చుని పల్లె నమూనా కట్టడమేమిటని ఎవరైనా నవ్వి ఉంటే ఆశ్చర్యం లేదు. తర్వాత ఆరేళ్ళకి, 1998 నవంబరు 22న, అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు అక్కడికి కూతవేటు దూరంలో సైబర్ టవర్స్ ప్రారంభించారు. దాంతో చుట్టూ ఉన్న అసలు పల్లె కరిగిపోయి, నమూనా పల్లె మిగిలింది.

నాకు 1999లో పెళ్ళయింది. మావారు కొత్త కాపురంలో నన్ను మొట్టమొదట స్కూటరు మీద ఎక్కడికి తీసుకెళ్ళారో చెబితే నవ్వుతారు. ఆ సైబర్ టవర్స్ చూపించడానికి! పనేమీ లేదు, లోపలికి రానివ్వరు. గుండ్రటి అద్దాల మేడని రోడ్డుకి ఇవతల నిలబడి చూశాం. మాలాగే ఇంకా నాలుగైదు కుటుంబాలు పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని చూస్తున్నారు. ఒకాయన పల్లీలు అమ్ముకుంటున్నాడు. చుట్టూ గాలి, రాళ్ళు. ఇంత దూరం ఎవరొస్తారండీ ఉద్యోగానికి అన్నాను. నాలుగేళ్ళు తిరక్కుండానే అక్కడే ఉద్యోగం దొరికింది ఆయనకి, కొండాపూర్‌లోనే ఇల్లూ తీసుకున్నాం. 2003 ఆగస్టులో లోకల్ రైలు కూడా వచ్చింది, హైటెక్ సిటీ స్టేషనుతో సహా.

ఆ మొదటి షికారులోనే శిల్పారామంలోకీ వెళ్ళాం. లోపల గ్రామీణ మ్యూజియం ఉంది చూశారా, మట్టి ఇళ్ళూ, వాటిముందు కుమ్మరి, సాలె, కంసాలి బొమ్మలు నిలువెత్తున పని చేస్తున్నట్టు ఉంటాయి. అక్కడ పిల్లల్ని తొందరపెట్టకండి. రోలు, తిరగలి, కవ్వం పేర్లు మీరే చెప్పండి. మా చిన్నది తిరగలిని పట్టుకుని, ఇది దేని స్టీరింగు అని అడిగింది. చేతిపనుల అంగళ్ళ దగ్గర కూడా కొనడం, కొనకపోవడం తర్వాత మాట, ఆ బొమ్మ ఎలా పుట్టిందో చెప్పించండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, ఎత్తితే దూదిలా తేలిక. ఏటికొప్పాక బొమ్మకి అంకుడు కర్ర, దానిమీద లక్క రంగు. చేర్యాల ముసుగు బొమ్మల్లో మన వంటింటి పక్కన పారేసే చింతగింజల బంకా, రంపపు పొట్టూ ఉంటాయి. చేర్యాలవాళ్ళు అసలు చేసేది నిలువు పటాలు. కథ చెప్పేవాళ్ళు వాటిని ఊరూరా తీసుకెళ్ళి విప్పి చూపిస్తూ పాడేవారు. ఆనాటి పిల్లలకి సినిమా అదే. ఒకసారి అక్కడ ఒక చేతిపనివాడు మావాడి చేతికి కుంచె ఇచ్చి ఒక చెట్టుకి ఆకులు వేయమన్నాడు. వాడు వేసినవి ఆకుల్లా లేవుగాని, ఆ రోజు వాడు బొమ్మ కొనిపెట్టమని అడగలేదు.

మావాడు ఆగిపోయిన బండల్లాంటివి శిల్పారామంలో ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు ఎలుగుబంటి ముక్కు. హుడా రోజుల్లో కాపాడవలసిన వారసత్వ సంపద జాబితా తయారుచేసినప్పుడు చార్మినారులాంటి కట్టడాలతో పాటు తొమ్మిది శిలా సముదాయాలకి కూడా చోటు దొరికింది. ఆ తొమ్మిదిలో ఎలుగుబంటి ముక్కొకటి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఇంకొకటి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఉన్న పుట్టగొడుగు రాయి మరొకటి. పాత బొంబాయి రోడ్డులో హుస్సేన్ షా వలీ దర్గా దగ్గరి రాళ్ళ పార్కు కూడా ఉంది. ఈ జాబితా ఊరికే రాలేదు. గుట్టలు ఒక్కొక్కటే మాయమవుతుంటే చూడలేక కొందరు కలిసి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పెట్టారు. రాళ్ళని కాపాడమని సంఘమా అని విన్నవాళ్ళు వింతగా చూసి ఉంటారు. వాళ్ళు అర్జీలు పెట్టారు, ఫొటోలు తీశారు, పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడకలు నడిపించారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మేం ఇప్పుడున్న అపార్టుమెంటు కూడా ఒక గుట్ట ఉన్న చోటే కట్టారు. మేం అడ్వాన్సు ఇచ్చేనాటికి ఆ గుట్ట సగం ఉంది. అప్పుడు పక్క వీధిలో అద్దెకుండేవాళ్ళం. మధ్యాహ్నం పూట సైరను మోగేది, తర్వాత నేల అదిరేది, వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మా అబ్బాయి అప్పుడు ఏడాదిన్నరవాడు. మొదట్లో ఉలిక్కిపడి ఏడ్చేవాడు. నెల తిరిగేసరికి పేలుడికి లేవకుండా నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు. నాకు అప్పుడు సంతోషమే కలిగింది, పిల్లవాడు నిద్రపోతున్నాడు గదా అని. ఇల్లు ఎప్పుడు పూర్తవుతుందా అని రోజులు లెక్కపెట్టుకున్నదాన్ని. ఆఫీసుకి దగ్గర, బడికి దగ్గర అని మురిసిపోయినదాన్ని. కాబట్టి గుట్టలు పోయాయని ఇప్పుడు ఒకరిమీద వేలెత్తి చూపడానికి నాకు నోరు రాదు. కానీ మావాడికి ఎలుగుబంటి ముక్కు చూపించాక, మా ఇంటికింద ఉన్న రాయికి ఏ పేరు పెట్టి ఉండేవారో అని మాత్రం అనిపించింది.

కొత్తగూడలో మరో చోటుంది. కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేరుమీద ఉన్న బొటానికల్ గార్డెను. 270 ఎకరాల పైచిలుకు రిజర్వు ఫారెస్టు. చుట్టూ ఇన్ని మేడలు లేచినా అది అడవి పట్టాలో ఉండబట్టే మిగిలింది. పొద్దున్నే వెళితే నెమలి కూత వినబడుతుంది. 2017లో లోపల పాలపిట్ట పేరుతో సైకిళ్ళ పార్కు పెట్టారు, అద్దెకి సైకిలు తీసుకుని బళ్ళ భయం లేకుండా తొక్కుకోవచ్చని. మనలో చాలామంది పిల్లలకి సైకిలుంది గాని తొక్కే రోడ్డు లేదు కదా. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు చూస్తే మంచిదని మనవాళ్ళు పొలిమేర దాటి వెళ్ళి చూసొచ్చేవారు. ఇప్పుడు దసరా రోజున పంజరంలో పాలపిట్టని పెట్టి పది రూపాయలకి చూపించేవాళ్ళు కనిపిస్తారు. దయచేసి డబ్బులివ్వకండి. ఆ పక్షిని పట్టడం నేరం, పైగా రెక్కలు కట్టేసిన పిట్టని చూస్తే ఏం శుభం వస్తుందండీ? తోటలో చెట్టుమీద కనబడితే చూపించండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండి, ఎగిరితే రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. కనబడకపోతే జమ్మిచెట్టు చూపించి ఇంటికి రండి.

విశ్వవిద్యాలయం మాట వచ్చింది గనక అది కూడా చెబుతాను. 1974లో అది మొదలైంది నాంపల్లిలో, సరోజినీ నాయుడు గారి గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో. తర్వాత గచ్చిబౌలిలో రెండువేల ఎకరాలకి పైగా ఉన్న ఆవరణకి వచ్చింది. అందులో చెరువులు, గుట్టలు, జింకలు ఉన్నాయి. దాని పక్కన కంచ గచ్చిబౌలి అని నాలుగువందల ఎకరాలు. కంచ అంటే పశువుల మేతకి వదిలిన బీడు. 2025 మార్చి నెలాఖర్లో ఐటీ కంపెనీలకి స్థలం కోసమని అక్కడ చెట్లు కొట్టడం మొదలైంది. రాత్రిపూట యంత్రాల హోరు, నెమళ్ళ అరుపులు ఫోనుల్లో మనందరమూ విన్నాం. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమంది. ఉద్యోగాలు కావాలా, చెట్లు కావాలా అని ఇంట్లో మావారికీ, కాలేజీలో చదివే మా అబ్బాయికీ పెద్ద వాదన. పేలుడుకి నిద్ర లేవని పిల్లవాడే ఈ అబ్బాయి. వాడు చెట్ల పక్షం. మావారు ఈ ఐటీ వల్లే నీ ఫీజు కడుతున్నానన్నారు. ఇద్దరికీ నేను అన్నం వడ్డించాను గాని, నాలో నేను మాత్రం వాడి పక్షమే అనుకున్నాను.

ఇక వెళ్ళే పద్ధతి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. రాళ్ళ మీదికి వెళ్ళాలంటే తెల్లవారిన వెంటనే బయల్దేరండి, తొమ్మిదింటికల్లా దిగిపోవాలి. ఖాజాగూడ గుట్టలు చిన్నపిల్లలకి అనువుగా ఉంటాయి. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది, రెండింటికీ జనం వస్తూపోతూ ఉంటారు. వానపడిన మర్నాడు మాత్రం వద్దు, పాచిపట్టి జారుతుంది. పిల్లలకి పట్టు ఉండే బూట్లు వేయండి. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టనివ్వకండి, తేళ్ళుంటాయి. గండిపేటలో నీటి అంచుదాకా పోనివ్వకండి, పైకి నిమ్మళంగా కనిపించినా లోతు తెలియదు. పులిహోర తొందరగా పాడవదు గనక అదే కట్టుకోండి. తిన్న ఆకులూ కవర్లూ మళ్ళీ సంచీలో వేసుకుని తెచ్చుకుంటే, వెనకాల వచ్చే పిల్లలకి చోటు బాగుంటుంది. మావాడికి ఆ సంచీ మోసే ఉద్యోగం ఇచ్చాను. దానికో హోదా ఉందనుకున్నాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

సెలవులైపోయి పిల్లలు వాళ్ళింటికి వెళ్ళిపోయారు. వాళ్ళది పుప్పాలగూడ వైపు కొత్త అపార్టుమెంటు, పధ్నాలుగో అంతస్తు. కిందటి వారం ఫోను చేశాడు. "అత్తా, మా ఇంటి వెనకాల గోడ అవతల ఒక పెద్ద రాయి ఉంది. నేను బాల్కనీలోంచి కనిపెట్టాను. దాన్ని ఎవరూ తేలేదు, అది ముందునుంచీ అక్కడే ఉంది" అన్నాడు. ఏం పేరు పెట్టావురా అని అడిగాను. తాబేలు అని పెట్టాడట. "దానిమీద ఎర్రరంగుతో గీతలు గీశారు, నెంబర్లు కూడా వేశారు, ఎందుకు?" అన్నాడు.

ఫోనులో చెప్పలేక, వస్తానన్నాను. వచ్చే ఆదివారం మా షికారు అక్కడికే.